క్రియాటినిన్ ఎక్కువ వచ్చిందా? రిపోర్టు చేతికొచ్చిన రోజు నుంచి ఏమేం చేయాలి

"క్రియాటినిన్ 1.6 వచ్చింది, ఏం తింటే తగ్గుతుంది?" ఎంతమందికి జవాబు చెప్పినా మళ్ళీ మళ్ళీ వచ్చే ప్రశ్న ఇది. తిరకాసంతా ఆ "ఏం తింటే"లోనే ఉంది. క్రియాటినిన్ కండరాల్లో రోజూ తయారయ్యే వ్యర్థం. కిడ్నీలు దాన్ని వడకట్టి పంపలేనప్పుడు రక్తంలో పేరుకుంటుంది. కిడ్నీని ఏది దెబ్బతీస్తోందో కనుక్కుని దాన్ని ఆపితే అంకె దానంతటదే దిగుతుంది, లేదా ఉన్నచోట నిలబడుతుంది. వాంతులు, విరేచనాల వల్లో, మూత్రం దారి మూసుకుపోవడం వల్లో ఒక్కసారిగా పెరిగినది 4 నుంచి 1.2కి కూడా దిగొచ్చు. షుగరు, బీపీల వల్ల ఏళ్ళ తరబడి మెల్లగా పెరిగినది 1.8 దగ్గర పదేళ్ళు ఆగినా మంచి ఫలితమే. మీది ఏ రకమో ముందు తేలాలి.

ఇవి ఉంటే చదవడం ఆపి ఆసుపత్రికి వెళ్ళండి: రోజు మొత్తానికి మూత్రం 400 మి.లీ. కన్నా తగ్గడం, పడుకుంటే ఆయాసం, ముఖం, కాళ్ళు ఒక్కసారిగా వాయడం, ఆగని ఎక్కిళ్ళు, మగతగా ఉండడం, పొటాషియం 6 దాటడం, నాలుగైదు రోజుల్లోనే క్రియాటినిన్ రెట్టింపు కావడం. ఇవి ఇంట్లో చూసుకునేవి కావు.

దగ్గర పెట్టుకోవలసినవి

- పాత రక్తపరీక్షల రిపోర్టులన్నీ. ఆపరేషన్‌కు ముందు చేసినవి, ఆఫీసు హెల్త్ చెకప్‌వి, గర్భంతో ఉన్నప్పటివి కూడా పనికొస్తాయి.
- చేతికి కట్టే బీపీ మిషన్. మణికట్టుది వద్దు.
- మీరు వేసుకునే మందులన్నీ ఒక సంచిలో: బిళ్ళలు, చూర్ణాలు, కషాయాలు, ప్రోటీన్ పౌడరు, ముఖానికి రాసే క్రీములతో సహా.
- ఒక నోటుబుక్కు. వంటింటి త్రాసు ఉంటే మంచిది, లేకపోయినా నడుస్తుంది.

1. పరీక్ష మళ్ళీ చేయించండి, ఈసారి సరిగ్గా

ఒక్క రిపోర్టు చూసి కిడ్నీ జబ్బు అనుకోకండి. ముందురోజు రాత్రి బాగా మటన్ తిన్నా, జిమ్‌లో బరువులెత్తినా, కండ పెరగడానికి వాడే క్రియాటిన్ పౌడరు తాగుతున్నా, నీళ్ళు తాగక ఎండలో తిరిగినా అంకె పెరుగుతుంది. మూత్రంలో ఇన్ఫెక్షన్‌కు ఇచ్చే కోట్రైమాక్సజోల్ లాంటి మందులు కిడ్నీకి ఏమీ కాకుండానే క్రియాటినిన్‌ను పైకి చూపిస్తాయి.

మళ్ళీ ఇచ్చేటప్పుడు ముందురోజంతా మాంసం, చేపలు మానండి. రెండు రోజులు భారీ వ్యాయామం వద్దు. క్రియాటిన్ పౌడరు వారం ముందే ఆపండి. నీళ్ళు మామూలుగా తాగండి. అంకె తగ్గాలని పరీక్ష ముందు రెండు లీటర్లు తాగేవాళ్ళున్నారు, దానివల్ల ఒరిగేదేమీ లేదు. తొలి అంకె 1.3, 1.5 లాంటిదై, ఒంట్లో బాగానే ఉంటే ఒకటి రెండు వారాలకు మళ్ళీ చూడొచ్చు. 2 దాటితే రోజులు లెక్కపెట్టకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

రెండోసారి క్రియాటినిన్ ఒక్కటే రాయించుకుని రాకండి. యూరియా, సోడియం, పొటాషియం, హిమోగ్లోబిన్, షుగరు, మామూలు మూత్రపరీక్ష, మూత్రంలో ఏసీఆర్, కడుపు స్కానింగ్ కలిపి చేయించండి. ఏసీఆర్ అంటే మూత్రంలో అల్బుమిన్ ఎంత పోతోందో చెప్పే పరీక్ష. పొద్దున్నే పోసే మొదటి మూత్రం ఇవ్వాలి. జ్వరం, మూత్రంలో మంట, నెలసరి ఉన్న రోజుల్లో ఇస్తే తప్పు లెక్క వస్తుంది. 30 లోపు ఉంటే మామూలు. 30 నుంచి 300 అయితే హెచ్చరిక. 300 దాటితే క్రియాటినిన్ బాగున్నా సరే నెఫ్రాలజిస్టును, అంటే కిడ్నీ జబ్బుల డాక్టరును కలవాలి.

2. క్రియాటినిన్ పక్కన ఈజీఎఫ్ఆర్ రాయండి

ఈజీఎఫ్ఆర్ అంటే కిడ్నీలు ఎంత బాగా వడకడుతున్నాయో చెప్పే అంచనా, అది తగ్గేకొద్దీ కిడ్నీ పని తగ్గినట్టు. క్రియాటినిన్ 1.4 అనే ఒకే అంకె తీసుకోండి. 30 ఏళ్ళ మగవాడికైతే ఈజీఎఫ్ఆర్ దాదాపు 69 వస్తుంది. అదే 1.4 అరవయ్యేళ్ళ ఆడమనిషికి వస్తే 43. అంటే ఆమె కిడ్నీల పని సగానికి పడిపోయినట్టు. ల్యాబ్ కాగితం మీద ఇద్దరికీ కనిపించేది "కొంచెం ఎక్కువ" అనే! కండ తక్కువున్న ముసలివాళ్ళలో 1.1 కూడా మోసం చేస్తుంది.

చాలా ల్యాబ్‌లు ఈజీఎఫ్ఆర్ వేసే ఇస్తాయి. వేయకపోతే వయసు, ఆడా మగా, క్రియాటినిన్ ఇస్తే ఫోనులో లెక్క కట్టొచ్చు. "సీకేడీ ఈపీఐ 2021" అనే సూత్రం ఎంచుకోండి. 60 దాటి ఉండి, ఏసీఆర్, మూత్రం, స్కానింగ్ అన్నీ బాగుంటే కిడ్నీ జబ్బు అనరు. 60 లోపు మూడు నెలల పైన ఉంటే దీర్ఘకాలిక జబ్బు. 30 లోపైతే నెఫ్రాలజిస్టు చూపు తప్పనిసరి. 15 లోపైతే డయాలిసిస్, కిడ్నీ మార్పిడి గురించి మాట్లాడుకోవాల్సిన దశ.

ఇంకోటి. 1 నుంచి 2కి పెరగడమంటే వడపోతలో సగానికి పైగా పోవడం. 6 నుంచి 7కి పెరిగితే పోయేది కొసరు. మొదట్లో చిన్నగా కనిపించే పెరుగుదలే ఖరీదైనది. పాత రిపోర్టులు అందుకే అడిగాను: ఐదేళ్ళుగా 1.4 ఉన్నవారి సంగతి వేరు, ఆరు నెలల కింద 0.8 ఉండి ఇప్పుడు 1.4 అయినవారి సంగతి వేరు.

స్కానింగ్‌లో చూడాల్సింది కిడ్నీ సైజు, వాపు. పెద్దవాళ్ళలో మామూలుగా 9 నుంచి 12 సెం.మీ. ఉంటుంది. రెండూ చిన్నవైపోయాయంటే జబ్బు పాతది. మూత్రం నిలిచి కిడ్నీ ఉబ్బినట్టు రాస్తే రాయో, ప్రోస్టేటో అడ్డం పడి ఉండొచ్చు. అలాంటప్పుడు ముందు యూరాలజిస్టు దగ్గరికే వెళ్ళాలి. అడ్డు తీస్తే అంకె చకచకా దిగే సందర్భం ఇదే.

3. మందుల సంచి దులపండి

మొత్తం పనిలో ఎక్కువ ఫలితమిచ్చేది ఇదేనని నా లెక్క. సంచి తెరిచి ఒక్కొక్క స్ట్రిప్పు వెనక సన్నటి అక్షరాల్లో ఉన్న మందు పేరు చదవండి, కంపెనీ పేరు కాదు.

*ఆపాల్సినవి:* డైక్లోఫెనాక్, అసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, నాప్రోక్సెన్, ఎటోరికాక్సిబ్. మోకాళ్ళ నొప్పికీ, నడుము నొప్పికీ మందుల షాపులో "నొప్పి గోళీ ఇవ్వండి" అంటే వచ్చేవి ఇవే. "పారాసిటమాలే వేసుకుంటున్నాను" అనేవాళ్ళ స్ట్రిప్పు తిప్పి చూస్తే అసిక్లోఫెనాక్ 100, పారాసిటమాల్ 325 అని కలిసి ఉంటాయి. ఊళ్ళో ఒళ్ళునొప్పులకు వేసే ఇంజెక్షనూ చాలాసార్లు డైక్లోఫెనాకే. నొప్పికి ఒట్టి పారాసిటమాల్, కాపడం, పైన రాసే మందుతో నెట్టుకు రండి. ఎంత మోతాదో డాక్టరును అడగండి.

*అడగాల్సినవి:* నెలల తరబడి రోజూ వేసుకునే గ్యాస్ బిళ్ళ. పాంటాప్రజోల్ జాతి మందులు కొందరిలో కిడ్నీకి వాపు తెస్తాయి. రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు ఈ గ్యాస్ బిళ్ళను సొంతంగా ఆపకూడదు.

*పారేయాల్సినవి:* ఏముందో రాయని చూర్ణం, భస్మం, "కిడ్నీ వాష్" పొడి. పాదరసం, సీసం ఉన్న భస్మాలు కిడ్నీనే తింటాయి. నల్ల ఈశ్వరి వేరులో ఉండే అరిస్టలోకిక్ ఆమ్లం కిడ్నీని పాడుచేసి మూత్రనాళాల్లో క్యాన్సరు కూడా తెస్తుంది. రాళ్ళకని తాగే కొండపిండి ఆకు రసంలోనూ, రోజూ గ్లాసుల కొద్దీ తాగే పచ్చి పాలకూర జ్యూస్‌లోనూ ఆక్సలేట్ ఎక్కువ. కిడ్నీ ఇప్పటికే నీరసించి ఉంటే అది లోపలే గడ్డకడుతుంది. లేబుల్ లేని తెల్లబరిచే క్రీముల్లో పాదరసం ఉంటే చర్మం గుండా ఒంట్లోకి వెళ్ళి మూత్రంలో ప్రోటీన్ పోయేలా చేస్తుంది. షుగరు తగ్గుతుందనో, చూపు బాగుపడుతుందనో పచ్చి చేప పిత్తు మింగడం వీటన్నిటినీ మించిన ప్రమాదం. రెండు మూడు రోజుల్లో మూత్రం ఆగిపోయి డయాలిసిస్‌కు వచ్చినవాళ్ళున్నారు. స్టార్ ఫ్రూట్ కూడా కిడ్నీ జబ్బున్నవాళ్ళు ముట్టకూడదు.

*ఆపకూడనివి:* టెల్మిసార్టాన్, లోసార్టాన్, రామిప్రిల్ అనే బీపీ మందులు. "ఇది వేసుకున్నాక క్రియాటినిన్ పెరిగింది" అని మానేసేవాళ్ళు చాలామంది. ఇవి కిడ్నీ లోపలి ఒత్తిడిని తగ్గిస్తాయి, అందుకే మొదట్లో అంకె కొంచెం పెరుగుతుంది. 30 శాతం దాకా పెరిగినా కొనసాగిస్తారు: 1.5 ఉన్నది 1.9 అయితే కంగారు పడరు, 2.2 అయితే ఆలోచిస్తారు. మొదలుపెట్టిన 2 నుంచి 4 వారాల్లో క్రియాటినిన్, పొటాషియం రెండూ చూపించుకోవాలి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే షుగరు మందులతో కూడా మొదట్లో ఇలాంటి చిన్న మార్పే వస్తుంది. కిడ్నీ జబ్బు ముదరకుండా ఆపేవాటిలో ఇవి ముందువరసలో ఉన్నాయి. షుగరు లేనివాళ్ళకూ ఇస్తున్నారు. జెనరిక్‌లు వచ్చాక ధర కూడా దిగింది. మీకు రాయకపోతే "నాకు పనికొస్తుందా" అని అడగండి.

4. వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజున

ఒంట్లో నీళ్ళు పోతున్నప్పుడు టెల్మిసార్టాన్ లాంటి బీపీ మందు, మూత్రం ఎక్కువ పోయించే మందు, డాపాగ్లిఫ్లోజిన్ వేసుకుంటూ పోతే కిడ్నీ ఒక్కరోజులో దెబ్బతినగలదు, షుగరుకు వేసుకునే మెట్‌ఫార్మిన్ వల్ల రక్తంలో ఆమ్లం పేరుకోవచ్చు. ఈ రోజుల్లో ఏవి ఆపాలి, మళ్ళీ ఎప్పుడు మొదలుపెట్టాలి అనేది బాగున్నప్పుడే డాక్టరుతో చీటీ మీద రాయించి బీరువా తలుపుకు అంటించండి. మామూలుగా తిండి, నీళ్ళు పడి 24 నుంచి 48 గంటలయ్యాక మళ్ళీ మొదలుపెట్టమంటారు. ఆపి మరిచిపోవడం కూడా తప్పే. ఇన్సులిన్ మాత్రం అడగకుండా మానకూడదు.

5. బీపీ, షుగరు

బీపీ ఇంట్లో చూసుకోండి. ఐదు నిమిషాలు కుర్చీలో వీపు ఆనించి, కాళ్ళు నేలకు తాకించి కూర్చోవాలి. చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద పెట్టాలి. అరగంట ముందు నుంచీ కాఫీ, టీ, సిగరెట్ వద్దు. పొద్దున రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు, ఏడు రోజులు. మొదటి రోజువి వదిలేసి మిగతావాటి సగటు తీయండి. 130/80 లోపు ఉండాలి. కళ్ళు తిరక్కపోతే ఇంకా తగ్గించమని డాక్టరు అనొచ్చు.

షుగరున్నవాళ్ళకు హెచ్‌బీఏ1సీ, అంటే మూడు నెలల సగటు షుగరు చెప్పే పరీక్ష, 7 చుట్టుపక్కల ఉంటే చాలామందికి సరిపోతుంది. ఇక్కడ ఒక పొరపాటు గుర్తుంచుకోండి. ఎప్పుడూ 200 ఉండే షుగరు ఈమధ్య అదే మందుతో 80కి దిగుతోందని, "షుగరు నయమైంది" అని సంబరపడతారు. కిడ్నీ మందగిస్తే ఇన్సులినూ, గ్లిబెన్‌క్లమైడ్, గ్లిమిపిరైడ్ లాంటి బిళ్ళలూ ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తాయి, షుగరు పడిపోతుంది. అలా కనిపిస్తే వెంటనే క్రియాటినిన్ చూపించుకోండి. మెట్‌ఫార్మిన్ ఈజీఎఫ్ఆర్ 45 లోపైతే తగ్గిస్తారు, 30 లోపైతే ఆపేస్తారు.

6. ఉప్పు: ప్యాకెట్ మీద తేదీ వేయండి

మనిషికి రోజుకు 5 గ్రాములు, అంటే ఒక టీస్పూను. కూరలో ఎంత పడిందో ఎవరూ తూచరు, కాబట్టి ఇలా చేయండి. కిలో ఉప్పు ప్యాకెట్ విప్పిన రోజు దాని మీద తేదీ రాయండి. నలుగురున్న ఇంట్లో తలా 5 గ్రాములైతే రోజుకు 20 గ్రాములు, కిలో 50 రోజులు రావాలి. 25 రోజులకే అయిపోతే తలా 10 గ్రాములు తింటున్నట్టు. ఇందులో నిలవ పచ్చళ్ళ ఉప్పు లేదు, అది విడిగా ఉంది. ఆవకాయలో ఉప్పెంత పడుతుందో పెట్టిన చేతికి తెలుసు. అప్పడాలు, వడియాలు, చల్లమిరపకాయలు, ఎండుచేపలు, మిక్చరు కూడా ఈ ఖాతాలోవే.

మజ్జిగలో, అన్నం వండేటప్పుడు, ఇడ్లీ, చపాతీ పిండిలో ఉప్పు పూర్తిగా మానేసి, కూరలోకి మాత్రం ఉంచుకుంటే నాలుక రెండు మూడు వారాల్లో అలవాటు పడుతుంది. నిమ్మకాయ, మిరియాలు, జీలకర్ర, కరివేపాకు పొడి ఆసరా.

రెండు పొరపాట్లు. సైంధవ లవణం కూడా సోడియం ఉప్పే, కిడ్నీకి తేడా తెలియదు. "తక్కువ సోడియం" ఉప్పులో సోడియం బదులు పొటాషియం కలుపుతారు. బీపీ మాత్రమే ఉన్నవాళ్ళకు అది మంచిదే కావొచ్చు, క్రియాటినిన్ పెరిగినవాళ్ళకు ప్రమాదం.

7. ప్రోటీన్ తూకం

డయాలిసిస్ లేని కిడ్నీ జబ్బులో కిలో బరువుకు రోజుకు 0.8 గ్రాము. 60 కిలోలైతే 48 గ్రాములు. బాగా లావున్నవాళ్ళు ఎత్తుకు తగ్గ బరువుతో లెక్క కట్టాలి. 48 అంటే ఎంతో చూడండి: మూడు ఇడ్లీలు 6, రెండు పూటలకు 200 గ్రాముల బియ్యం 15, 40 గ్రాముల కందిపప్పు 9, ఒక గుడ్డు 6, 200 గ్రాముల పెరుగు 6, కాఫీ టీలకు 100 మి.లీ. పాలు 3, కూరగాయలు 3. లెక్క నిండిపోయింది! చికెన్ తినే రోజున ఆ పప్పు, గుడ్డు తీసేసి ఎముకల్లేని పచ్చి ముక్క 75 గ్రాములు వేసుకోండి. మనలో చాలామంది ఇంతకన్నా ఎక్కువేం తినడం లేదు. ఎక్కువయ్యేది ఆదివారం మాంసం, ప్రోటీన్ పౌడరు దగ్గరే.

క్రియాటినిన్ భయంతో పప్పు, గుడ్డు, పాలు అన్నీ మానేసి మూడు నెలల్లో ఎనిమిది కిలోలు తగ్గితే అంకె దిగుతుంది, ఎందుకంటే దాన్ని తయారుచేసే కండే కరిగింది. కిడ్నీ మాత్రం అక్కడే ఉంది. డయాలిసిస్ మొదలైనవాళ్ళకు ప్రోటీన్ ఎక్కువే కావాలి, పాత పథ్యం పట్టుకుని వేలాడకూడదు.

8. పొటాషియం, నీళ్ళు

పొటాషియం 5 లోపు ఉంటే పండ్లు మానాల్సిన పని లేదు. 5.5 దాటితే కొబ్బరినీళ్ళు ముందు ఆపాలి, ఒక్క బోండాంలోనే 500 మి.గ్రా. పైన ఉంటుంది. అరటిపండు, బత్తాయి రసం, ఎండు ఖర్జూరం, టమాటా పచ్చడి తర్వాతి వరస. బంగాళాదుంప, చేమగడ్డ, కంద లాంటివి చెక్కు తీసి, సన్నగా తరిగి, ముక్కలకు నాలుగైదింతల నీళ్ళలో ఉడికించి, ఆ నీళ్ళు పారబోసి అప్పుడు తాలింపు పెట్టండి. ఆవిరి మీద ఉడికిస్తే, నేరుగా వేయిస్తే పొటాషియం పోదు. వార్చిన నీళ్ళు వృథా ఎందుకని చారులో పోస్తే చేసిన పనంతా దండగ.

నీళ్ళ విషయంలో ఒకరికి చెప్పింది ఇంకొకరికి చెల్లదు. వాపులు, ఆయాసం లేనివాళ్ళకు రోజుకు రెండు, రెండున్నర లీటర్లు చాలు. ఐదు లీటర్లు తాగితే కిడ్నీ కడుక్కుపోదు. వాపున్నవాళ్ళకు డాక్టరు చెప్పిన కొలతే. ఎండలో పనిచేసేవాళ్ళు పావుగంట, ఇరవై నిమిషాలకో గ్లాసు తాగుతూ, మధ్యలో నీడకు రావాలి.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వాళ్ళకు, అంటే కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, మందస, పలాస, ఇచ్ఛాపురం వైపు వాళ్ళకు ఒక మాట. అక్కడ చాలామందికి వస్తున్న కిడ్నీ జబ్బులో షుగరు, బీపీ ఉండకపోవచ్చు. మూత్రంలో ప్రోటీన్ కూడా మొదట్లో పెద్దగా పోదు. "మూత్రపరీక్ష బాగుంది" అన్నంత మాత్రాన ధీమా వద్దు. ఇంట్లో ఒకరికి ఉంటే మిగతా పెద్దవాళ్ళంతా ఏడాదికోసారి రక్తంలో క్రియాటినిన్ చూపించుకోండి. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి మొదలయ్యాయి.

పని చేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది?

ఒకే ల్యాబ్, వీలైతే పొద్దుటి పూటే. ల్యాబ్ మారితే పరీక్ష పద్ధతి మారి 0.1, 0.2 తేడా రావడం మామూలే, దానికి సంబరమూ వద్దు, ఏడుపూ వద్దు. వారానికోసారి పరీక్ష చేయించుకుంటే మిగిలేది ఖర్చే. స్థిరంగా ఉంటే ఈజీఎఫ్ఆర్ 45 నుంచి 60 వాళ్ళకు ఆరు నెలలకోసారి, 30 నుంచి 45 వాళ్ళకు మూడు నాలుగు నెలలకోసారి సరిపోతుంది. మందు మార్చినప్పుడు ముందే చూడాలి.

నోటుబుక్కులో నాలుగు గళ్ళు గీయండి: తేదీ, ఈజీఎఫ్ఆర్, ఏసీఆర్, బీపీ సగటు. మూడు నెలల తర్వాత ఏసీఆర్ 600 నుంచి 350కి దిగి, ఈజీఎఫ్ఆర్ 44 నుంచి 42 అయితే మందు పనిచేస్తున్నట్టే. ఏసీఆర్ పెరుగుతూ, ఈజీఎఫ్ఆర్ ఏడాదిలో 5 కన్నా ఎక్కువ పడుతుంటే ఏదో జరుగుతోంది. మళ్ళీ మూడో అంచెకు వెళ్ళి సంచి దులపండి, నెఫ్రాలజిస్టును త్వరగా కలవండి. స్కానింగ్‌కు రంగు మందు ఎక్కించాలంటే ఈ పుస్తకం ముందే చూపించండి.

ఈజీఎఫ్ఆర్ 30 లోపుకు వచ్చినవాళ్ళు హెపటైటిస్ బి టీకా సంగతి ఇప్పుడే అడగాలి, ఆలస్యమయ్యేకొద్దీ టీకా సరిగా పట్టదు. రెండో జాగ్రత్త చేతిది. కుడిచేతివాటం వాళ్ళు ఎడమచేతి ముంజేయి నరాల్లోంచి రక్తం తీయనివ్వకండి, సెలైన్ పెట్టనివ్వకండి. రేపు డయాలిసిస్ కోసం ఫిస్టులా (చేతి నరాన్ని ధమనితో కలిపే చిన్న ఆపరేషన్) వేయాల్సి వస్తే ఆ నరమే కావాలి. నర్సు ఎడమచెయ్యి చాచమన్నప్పుడు, "ఈ చెయ్యి వద్దమ్మా, అరచేతి వెనక చూడండి" అని చెప్పండి.